యాభై సీసీ బండి, నాలుగు లంక పేటలు

పెనుగొండ,
26 జనవరి 1998.

ప్రియమైన తమ్ముడు జ్ఞానప్రకాశానికి,

వందనాలు.

నిన్న ఆదివారం పదకొండు గంటలకు, ఆరాధన ముగిసిన వెంటనే, సంఘ కమిటీ కూర్చుని నా చేతిలో ఉన్న నాలుగు లంక పేటల్ని తీసేయాలని తీర్మానించింది. పెనుగొండ చుట్టూ ఉన్న మూడు ఊళ్లు మాత్రం నాకు ఉంచుతారట. లంకల్లోకి వాక్యం చెప్పడానికి, చదువు నేర్పడానికి ఇక నాలాంటి బైబిలు స్త్రీ వెళ్లదు. పాస్టరు గారు వీలైతే నెలకోసారి వెళ్తారు.

కారణం నీకు ఇంతకుముందు రాయలేదు. పోయిన గురువారం నడిపిలంక నుంచి వస్తుంటే కాలవ గట్టు మీద మోకాళ్లు పట్టేసి కూలబడ్డాను. దారిన పోయే గడ్డి బండి వాళ్లు నన్ను గడ్డి మీదకి ఎక్కించి, హార్మోనియం నా పక్కన పెట్టి, ఊళ్లోకి తోలుకొచ్చారు. బస్టాండు దగ్గర కన్యకాపరమేశ్వరి గుడికి వచ్చిన యాత్రికుల బస్సులు అడ్డంగా ఉండడంతో బండి అక్కడే ఆగిపోయింది. ఊళ్లో నన్ను చూడనివాళ్లు లేరు. చూసినవాళ్లలో సంఘ కార్యదర్శి రమేష్ బాబు గారు ఒకరు.

ఆయన చెడ్డవాడు కాదు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. కమిటీలో నాతో, "ఆ గట్టు మీద మీకేమన్నా అయితే మేం ఏ మొహం పెట్టుకుని సంఘం ముందు నిలబడాలండి" అన్నారు. 

పాస్టరు గారు కల్పించుకుని గడువు ఇప్పించారు. పేటల్లో పెద్దది నడిపిలంక. జూలైలో ఒక గురువారం రమేష్ బాబు గారు స్వయంగా అక్కడికి వస్తారు. నేను నడవకుండా, ఇంకొకరి మీద ఆధారపడకుండా చేరుతున్నానా, చేరితే ప్రార్థనకి జనం వస్తున్నారా, ఈ రెండూ చూస్తారు. ఆగస్టు మొదటి ఆదివారం కమిటీ ఆఖరి మాట చెబుతుంది.

ఇరవై ఏళ్ల పైనుంచి వెళ్తున్నాను కదా, ఇక చాలు అని నువ్వు అనొచ్చు. నడిపిలంకలో పాపాయి అని అరటి తోటల్లో పనిచేసే మనిషి ఉంది. నలభై దాటాక అక్షరాలు మొదలుపెట్టి ఇప్పుడు మత్తయి సువార్త కూడబలుక్కుని చదువుతోంది. ఐదో అధ్యాయంలో ఉంది. నేను మానేస్తే ఐదో అధ్యాయంలోనే ఉండిపోతుంది. ఆమెని చూసి మొదలుపెట్టినవాళ్లు ఇంకా వెనక ఉన్నారు.

నీ మెకానిక్కు షెడ్డులో గోనెపట్టాల కింద ఒక చిన్న మోటారు సైకిలు పడి ఉందని క్రిస్మస్‌కి వచ్చినప్పుడు మరదలు కృప చెప్పింది. అది నాకు పనికొస్తుందా? నవ్వడం అయ్యాక జవాబు రాయి. కూర్చుంటే నా కాళ్లు రెండూ నేలకి ఆనాలి. చీర చక్రంలో పడకూడదు. హార్మోనియం నాతో రావాలి.

నీ అక్క,
ఏసమ్మ.


ధవళేశ్వరం,
2 ఫిబ్రవరి 1998.

ప్రియమైన అక్కకి,

వందనాలు.

నేను నవ్వడం అయింది. కృప ఇంకా నవ్వుతోంది. గడ్డి బండి సంగతి మాత్రం నవ్వులాటగా తీసుకోలేదు. మోకాళ్లకి డాక్టరు దగ్గరికి వెళ్లావా లేదా, అది రాయలేదు.

బండి గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. యాభై సీసీ ఇంజను, మూడు గేర్లు, చక్రాలు స్కూటరు చక్రాలంత. ఇక్కడ ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసిన ఒక ఇంజినీరు గారు మద్రాసు నుంచి తెప్పించుకున్నారు. ఆయన ఆరడుగుల మనిషి. దాని మీద కూర్చుంటే మోకాళ్లు చెవుల దగ్గరికి వచ్చేవి. బ్యారేజి మీద వెళ్తుంటే చేపలు పట్టేవాళ్లు కూడా వలలు ఆపి చూసేవాళ్లు. బదిలీ అయినప్పుడు నాకు అంటగట్టి వెళ్లారు. కాగితాలు నా పేరున ఉన్నాయి. కంపెనీ ఈ మోడలు మానేసి చాలా కాలమైంది కాబట్టి సామాను దొరకదు. దొరకనిది నేను తయారు చేస్తాను. ఇన్నాళ్లకి ఆ బండికి తగ్గ మనిషి దొరికింది, అక్కా. నీ ఎత్తు చూసే చేసినట్టుంది.

చిన్నప్పుడు నాన్న సైకిలుని కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కావు కాబట్టి బ్యాలెన్సు ఎక్కడికీ పోదు. గేర్లు అలవాటైతే చాలు.

సీటు కింద ఫ్రేము కోసి మూడు వేళ్లు దించాను. ఎడమ పక్క చీర పడకుండా జల్లెడలాంటి గార్డు వెల్డింగు చేశాను. లంకలో ఇసక ఉంటుంది కాబట్టి వెడల్పాటి టైర్లు వేశాను. సిలిండరు బోరు చేయించి కాస్త పెద్ద పిస్టన్ ఎక్కించాను. వెనక హార్మోనియం పెట్టుకోవడానికి క్యారియరు. ఇంకా కొన్ని చిన్న చిన్న పనులు చేస్తున్నాను. అవి రాయను. నడిపితే నీకే తెలుస్తుంది.

నీ తమ్ముడు,
జ్ఞానప్రకాశం.


పెనుగొండ,
9 మార్చి 1998.

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు.

బండి శనివారం బస్సు టాపు మీద వచ్చింది. కండక్టరు, క్లీనరు, గుడికి వచ్చిన యాత్రికులు ఇద్దరు కలిసి దించారు. ఎవరికని అడిగితే నాకే అన్నాను. యాత్రికుల్లో ఒకాయన నమ్మక, "మనవడికా అమ్మా" అని మళ్లీ అడిగారు.

కాళ్లు ఆనుతున్నాయి. గార్డు బాగుంది, కుచ్చెళ్లు భద్రంగా ఉంటున్నాయి. తెల్లచీర కట్టుకునే మనిషికి పసుపు రంగు బండి ఎందుకు పంపావో నాకు అర్థం కాలేదు. పోనీలే.

నేర్పుతున్నది మా పక్కింటి సూర్యకళ. అంగన్‌వాడీ టీచరు, రోజూ లూనా మీద వెళ్తుంది. లూనాకి గేర్లు లేవు. అందుకని ఆమె నాకు బ్రేకులు వేయడం, భయపడకపోవడం నేర్పింది. గేర్లు నేనే నేర్చుకున్నాను. పొద్దున్నే యాత్రికుల సత్రం వెనక ఖాళీ స్థలంలో తిప్పుతున్నాం.

నువ్వు రాయకుండా దాచిన చిన్న పనులు రెండు బయటపడ్డాయి. కిక్కు కొట్టగానే సత్రంలో స్నానాలు చేస్తున్నవాళ్లు తువ్వాళ్లతో బయటికొచ్చారు. సత్రం మేనేజరు నా దగ్గరికి వచ్చి, ఇంత చిన్న బండికి అంత గొంతు ఎక్కడిదండి అని అడిగాడు. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని. రెండోది, ఇది నడవదు. దూకుతుంది. ఫస్టు గేరులో క్లచ్ వదిలితే మనిషిని వెనకే వదిలేసి తను వెళ్లిపోవాలని చూస్తుంది. దీన్ని బైబిలు స్త్రీ కోసమే చేశావా?

అయినా నాకు నచ్చింది. ఇది కృపకి చెప్పు, నువ్వు వినకు.

ఏసమ్మ.


(కార్డు)

పెనుగొండ,
18 మార్చి 1998.

తమ్ముడికి వందనాలు. మన సంఘం సత్తిరాజు రాజమండ్రి వస్తున్నాడు. అతనితో హార్మోనియం పంపుతున్నాను. కొంచెం తడిసింది. ఆరబెట్టి పంపు. కార్డు మీద ఇంతకంటే రాయకూడదు, పోస్టుమాను చదువుతాడు. – ఏసమ్మ.


ధవళేశ్వరం,
24 మార్చి 1998.

ప్రియమైన అక్కకి,

వందనాలు.

హార్మోనియం కొంచెం తడవలేదు. తిత్తి విప్పితే గుర్రపుడెక్క వేరు బయటపడింది, మట్టి పట్టిన వేలెడు వేరు. గుర్రపుడెక్క ఇంటి పైకప్పు కారితే లోపలికి రాదు. కాలవలో ఉంటుంది. హార్మోనియం కాలవలోకి ఒక్కతే వెళ్లదు కదా. సత్తిరాజుని అడిగితే, నాకేం తెలియదండి, ఏసమ్మగారు చెప్పొద్దన్నారండి అన్నాడు. ఆ మాటతో అంతా తెలిసిపోయింది.

ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయి. దెబ్బలు తగిలాయా? బండి ఎక్కడుంది? ఎలా పడ్డావు, ఏ గేరులో ఉన్నావు, గట్టు ఎక్కుతూనా దిగుతూనా? ఇవి తెలియకుండా నేనేమీ చేయలేను.

హార్మోనియం పలకలు నీడలో ఆరబెడుతున్నాను. రెండు స్వరాలు ఇంకా పలకడం లేదు.

జ్ఞానప్రకాశం.

వదినగారూ, కింద రాస్తున్నది కృపని. ఆయన బయటికి వెళ్లారు. ఆ బండిని మీ తమ్ముడు మీకోసం చేయలేదండి. పాతికేళ్ల వయసులో తనకి ఎలాంటి బండి కావాలనుకున్నారో అలాంటిది చేసుకున్నారు. పెద్ద కార్బొరేటరు పెట్టారు. వేగం కోసం ముందు చైను చక్రం మార్చారు. సైలెన్సరు లోపల చప్పుడు తగ్గించే జాలీ గొట్టం తీసేశారు. సాయంత్రం పూట బ్యారేజి రోడ్డు మీద కాలేజీ కుర్రాళ్ల బళ్లని దాటేసి ఇంటికొచ్చి నాతో గొప్పలు చెప్పుకున్నారు. తారు రోడ్డు మీద, ఒంటరిగా, హార్మోనియం లేకుండా. నేను రాశానని చెప్పకండి. చెప్పినా పర్వాలేదు.


పెనుగొండ,
31 మార్చి 1998.

ప్రియమైన తమ్ముడికి, కృపకి,

వందనాలు.

మొత్తం రాస్తాను. పన్నెండో తారీకు గురువారం రోడ్డు మీద నుంచి కాలవ గట్టు ఎక్కుతున్నాను. ఫస్టు గేరు. హార్మోనియం వెనక క్యారియరు మీద ఉంది. ఏటవాలు మధ్యలో ముందు చక్రం పైకి లేచింది. గుర్రం లేచినట్టు లేచి, ఒక క్షణం అలా నిలబడి, తర్వాత నన్ను, హార్మోనియాన్ని తీసుకుని వెనక్కి తిరగబడి పక్కనున్న కాలవలోకి పడింది. నడుంలోతు నీళ్లు. గేదెలు కడుగుతున్న ఇద్దరు నన్ను పైకి తీశారు, తర్వాత బండిని, ఆఖర్న హార్మోనియాన్ని. ఒకతను, "పాటల పెట్టె మునిగిపోయిందండీ" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. నాకు మోచెయ్యి గీసుకుంది, అంతే. ఆ రోజు నడిపిలంక వెళ్లలేదు. తర్వాతి గురువారం బండి లేకుండా నడిచి వెళ్లాను. వచ్చేసరికి మోకాళ్లు వాచాయి.

ఇది రమేష్ బాబు గారికి తెలియదు. గేదెల వాళ్లు చెప్పరు. నువ్వూ ఈస్టరుకి వచ్చినప్పుడు చెప్పకు.

నాకు కావలసింది వేగం కాదు. గట్టు మీద ఎవరైనా ఎదురైతే వాళ్ల పక్కనే, నడిచే మనిషితో సమానంగా, మాట్లాడుకుంటూ వెళ్లాలి. ఇసకలో ఆగి మళ్లీ కదలాలి. బరువుతో గట్టు ఎక్కాలి. హార్మోనియం ఎక్కడ పెడితే బండి వెనక్కి లేవదో నువ్వు ఆలోచించు. బండి ఇరవై ఏళ్ల కుర్రాడిది కాకుండా యాభై ఒకటి నిండిన నాది కావాలి. సత్తిరాజు మళ్లీ వస్తున్నాడు, అతనితో బండిని లారీలో పంపుతున్నాను.

కృపా, నువ్వు రాసినట్టు వాడికి చెప్పలేదు. ఈ ఉత్తరం ఇద్దరికీ కలిపి రాశాను కాబట్టి ఇప్పుడు తెలిసిపోతుంది.

ఏసమ్మ.


ధవళేశ్వరం,
4 మే 1998.

ప్రియమైన అక్కకి,

వందనాలు.

ఈస్టరుకి నీ మోచెయ్యి చూశాక రెండు రోజులు ఇంజను ముట్టుకోలేదు. తర్వాత మొత్తం విప్పాను.

ఎండాకాలానికి కాలవలకి నీళ్లు కట్టేశారు కదా, షెడ్డు వెనక కాలవ గట్టు ఎండిపోయి ఉంది. కృపని బండి మీద కూర్చోబెట్టి, బియ్యం మూట కట్టి, ఆ గట్టు ఎక్కించి చూశాను. కృప ఎత్తు దాదాపు నీ ఎత్తే. మొదటిసారి నన్ను తిట్టింది. నాలుగోసారి తనే ఇంకోసారి అంది. ఇప్పుడు తనకి కూడా కావాలంటోంది.

పెద్ద కార్బొరేటరు తీసేసి పాతది పెట్టాను. వెనక చైను చక్రం పెద్దది వేశాను. దాంతో వేగం తగ్గింది, లాగుడు పెరిగింది. ఫస్టు గేరులో ఎక్సలేటరు వదిలేస్తే ముసలి ఎద్దులా నడుస్తుంది, ఆగిపోదు. పిస్టన్ పెద్దదే ఉంచాను, ఇసకలో అది కావాలి. వెనక క్యారియరు కోసేశాను. పాలవాళ్లు క్యాన్లు తగిలించుకునే స్టాండులాంటిది సీటు కింద రెండు పక్కలా కట్టాను. ఎడమ పక్క హార్మోనియం, కుడి పక్క దానికి సరిపడా పాటల పుస్తకాలు. బరువు కిందికి దిగింది కాబట్టి ముందు చక్రం లేవదు. పుస్తకాలు మాత్రం దారిలో ఎవరికీ ఇచ్చేయకు, బండి ఎడమకి లాగుతుంది.

హార్మోనియం అన్ని స్వరాలూ పలుకుతోంది. పై షడ్జం మాత్రం కాస్త జలుబు చేసినట్టు ఉంటుంది.

సైలెన్సరు సంగతి తర్వాత చూద్దాం.

జ్ఞానప్రకాశం.


పెనుగొండ,
29 జూన్ 1998.

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు.

ముందు మంచి వార్త. భీమవరంలో లైసెన్సు వచ్చింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎనిమిది ఆకారంలో తిప్పమన్నారు. ముగ్గురు కుర్రాళ్లు వేగంగా తిప్పబోయి కాళ్లు నేల మీద పెట్టేశారు. నేను నీ ముసలి ఎద్దు నడకతో తిప్పాను. ఆయనకి విసుగొచ్చి, "చాలు తల్లీ, మధ్యాహ్నం భోజనానికి వెళ్లాలి" అన్నారు.

మేలో బండి తిరిగి వచ్చినప్పటి నుంచి ఒక్క గురువారం కూడా మానలేదు. లంక రేవులో పడవ నడిపే అబ్బులు తన పడవలో బండికి చోటు చేశాడు. రెండు బల్లలు వేస్తే దానంతటదే ఎక్కుతుంది. ఇంకో సంగతి, నేను పేటలోకి వెళ్లేసరికి పాపాయి ఇంటి ముందు చాపలు వేసి, అందరూ కాళ్లు కడుక్కుని కూర్చునే ఉంటున్నారు. నడిచి వెళ్లే రోజుల్లో ఒక్కొక్కరినీ తోటల్లోంచి పిలుచుకు రావడానికే పొద్దెక్కేది. ఇప్పుడు ఆ పని లేదు. దేవుడి దయ. పాపాయి ఆరో అధ్యాయం పూర్తి చేసింది.

ఇక ఇబ్బందులు. కాలవలకి నీళ్లు వదిలారు, వానలు మొదలయ్యాయి. గట్టు మీద నల్లరేగడి టైరుకి చుట్టుకుని మడ్‌గార్డులో బిగుసుకుపోతోంది. చక్రం తిరగదు. దిగి తాటి కమ్మతో గోకుతున్నాను. మడ్‌గార్డు పైకి లేపు.

రెండోది సైలెన్సరు. ఇక తర్వాత చూద్దాం అనకు. పోయిన ఆదివారం ఆరాధనకి ఆలస్యంగా వెళ్లాను. పాస్టరు గారి ప్రసంగం మధ్యలో మన గుడి పక్కన ఆపాను. రమేష్ బాబు గారు తర్వాత నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, "యోహాను సువార్తలో ఒక వచనం మీ బండి కింద పడిపోయిందండి" అన్నారు. ఆయన జూలై పదహారు గురువారం నడిపిలంక వస్తున్నారు. పక్కన నేను ఈ చప్పుడుతో వెళ్తే ఏమనుకుంటారు? ఆ రోజుకి బండి నోరు మూయించు.

ఏసమ్మ.


ధవళేశ్వరం,
8 జూలై 1998.

ప్రియమైన అక్కకి,

వందనాలు.

మడ్‌గార్డు బిగించే క్లిప్పులు రెండు పంపుతున్నాను. వాటితో నాలుగు వేళ్లు పైకి లేస్తుంది. దాంతో పాటు కొత్త సైలెన్సరు. పాత స్కూటరు సైలెన్సరు కోసి లోపల రెండు జాలీలు, గాజు ఉన్ని పెట్టి మూశాను. సిలిండరు దగ్గర రెండు నట్లు, వెనక ఒక బోల్టు, అంతే. పానా టూల్ బ్యాగులో ఉంది.

దీన్ని షెడ్డుకి వచ్చిన ఇంకో చిన్న బండికి బిగించి చూశాక నాకే దిగులేసింది. కుట్టుమిషను చప్పుడు. నా పక్క నుంచి కృప నడిపించుకుపోతే తల తిప్పలేదు నేను. నీ మాట ప్రకారం చేశాను. బండి వచ్చి పక్కన ఆగినా రమేష్ బాబు గారికి తెలియదు.

పదహారో తారీకు అయ్యాక వెంటనే రాయి.

జ్ఞానప్రకాశం.


పెనుగొండ,
17 జూలై 1998.

ప్రియమైన తమ్ముడికి, కృపకి,

వందనాలు.

నిన్న పొద్దున్న మేం నడిపిలంక వెళ్లేసరికి పేటలో ఒక్క మనిషి లేడు.

మొదటి నుంచి చెబుతాను. రమేష్ బాబు గారు స్కూలుకి సెలవు పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చారు. వెనక కూర్చోమంటే, "పర్వాలేదండి, నడుస్తాను" అన్నారు. గట్టు పొడవునా ఆయన నడుస్తుంటే నేను పక్కనే బండి మీద, ఇద్దరం మాట్లాడుకుంటూ వెళ్లాం. రేగడి బిగుసుకోలేదు. ఏటవాలు రెండూ ఎక్కాను. ఆయన ఆయాసపడ్డారు, నేను పడలేదు. అబ్బులు పడవలో బండి ఎక్కించడం చూసి తల ఊపారు. రేవు నుంచి ఇసక దారిలో కూడా ఆగలేదు. అంతవరకు అంతా నేను అనుకున్నట్టే జరిగింది.

పాపాయి ఇంటి ముందు చాపలు లేవు. తలుపు గొళ్లెం పెట్టి ఉంది. పక్కిల్లూ అంతే. కోళ్లు తిరుగుతున్నాయి. నేను హార్మోనియం దించి అరుగు మీద పెట్టాను. ఆయన అరుగు మీద కూర్చుని వాచీ చూసుకున్నారు. కొంతసేపటికి మళ్లీ చూసుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి దాని టోపీ విప్పారు. ఇన్నాళ్లూ జనం వస్తున్నారని పాస్టరు గారికి చెప్పాను. అది అబద్ధమని రమేష్ బాబు గారు అనుకుంటే నేను తప్పుపట్టలేను.

ఇంతలో పాపాయి నెత్తిన గడ్డిమోపుతో తోటలోంచి వచ్చింది. మమ్మల్ని చూసి మోపు కింద పడేసింది.

"మీరెప్పుడొచ్చారమ్మగారూ? బండి రాలేదని గడ్డి కోసుకుంటన్నామండి."

ఇదిగో బండి, దాని మీదే వచ్చాను అన్నాను.

పాపాయి బండి చుట్టూ తిరిగి చూసి, "ఇది మోగలేదు కదండి" అంది.

తర్వాత తనే విడమర్చి చెప్పింది. రేవులో పడవ దిగి నేను కిక్కు కొట్టగానే తోటలన్నిటికీ వినపడుతుందట. అప్పుడు చేతిలో పని ముగించుకుంటారు. ఇసక ఎక్కేటప్పుడు బండి గుర్రుమంటుంది, అప్పుడు బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటారు. అరటి తోట మలుపులో వినపడితే చాపలు వేస్తారు. "మీ గుడికి మొదటి గంట, రెండో గంట ఉంటాయంట గదండి, మాకు ఇదేనండి" అంది. పెనుగొండలో గుడి ఉంది, గంట ఉంది. నడిపిలంకలో గుడే లేదు. మే నుంచి నేను సిగ్గుపడుతూ ఆ గంట కొడుతున్నానని నాకు తెలియలేదు. దేవుడి దయ అని నీకు రాశాను. అందులో సగం నువ్వు తీసేసిన జాలీ గొట్టం దయ.

రమేష్ బాబు గారు పెన్నుకి టోపీ పెట్టేశారు. "అయితే గంట చెడిపోయిందన్నమాట" అన్నారు, లెక్క తేలిన మనిషిలా. "బాగుచేయడం మీకొచ్చా అండి?"

వచ్చు అన్నాను. పానా తీశాను. సైలెన్సరు కాలుతోంది. పాపాయి గోనెసంచి తడిపి తెచ్చింది. సిలిండరు దగ్గర నట్లు నేను విప్పాను. వెనక బోల్టు బిగుసుకుపోయింది, నా చేతికి రాలేదు. ఆయన చొక్కా చేతులు మడిచి నేల మీద మోకాళ్లు వేసి విప్పారు. సైలెన్సరు ఊడి ఆయన ఒళ్లో పడింది. తెల్లచొక్కా గురించి ఇక రాయను.

నేను కిక్కు కొట్టాను. జాలీ గొట్టం లేకపోవడం కాదు, ఈసారి సైలెన్సరే లేదు. కోళ్లు ఇళ్ల మీదకి ఎగిరాయి. ఎక్సలేటరు ఆయన్ని తిప్పమన్నాను. ఆయన మొదట రెండు వేళ్లతో తిప్పారు. తర్వాత చెయ్యంతా పెట్టి తిప్పారు. ఇక చాలండి అన్నా వినపడలేదో, వినలేదో. తోటల్లోంచి జనం పరిగెత్తుకుంటూ వచ్చారు, కొందరు కాళ్లు కడుక్కోకుండానే. ఏదో ప్రమాదం జరిగిందనుకుని ప్రార్థనకి ఎప్పుడూ రాని ముసలయ్య కర్రతో వచ్చాడు. వచ్చాడు కాబట్టి కూర్చున్నాడు.

పాపాయి ఏడో అధ్యాయం మొదటి ఐదు వచనాలు నిలబడి చదివింది. రెండు చోట్ల ఆగింది. మూడోచోట ఆగబోతే రమేష్ బాబు గారు అందించబోయారు, నేను చెయ్యి అడ్డం పెట్టాను. తనే చదువుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన బండి వెనక కూర్చున్నారు, సైలెన్సరు ఒళ్లో పెట్టుకుని. దారంతా బండి మోతే. మాట్లాడినా వినపడదు. కమిటీలో ఏం చెబుతారో నాకు తెలియదు. అడగలేదు.

ఇప్పుడు నాకు రెండూ కావాలి. పెనుగొండలో మూగది, లంకలో మోగేది. నీ వల్ల అవుతుందా?

ఏసమ్మ.


ధవళేశ్వరం,
22 జూలై 1998.

ప్రియమైన అక్కకి,

వందనాలు.

నీ ఉత్తరం కృప పైకి చదివింది. జాలీ గొట్టం దగ్గర ఆపమని మళ్లీ చదివించాను. ఈ ఇంట్లో నా మాట నెగ్గింది ఇదే మొదటిసారి.

అవుతుంది. సైలెన్సరుకి ముందుండే వంపు గొట్టం కొత్తది చేసి, దానికి కన్నం పెట్టి మూత బిగించాను. మూతకి కట్టిన సైకిలు బ్రేకు వైరు ఎడమ హ్యాండిలు మీదకి వస్తుంది. చిన్న మీట ఉంటుంది. మామూలుగా ఉంటే పొగ సైలెన్సరులోంచి వెళ్తుంది, కుట్టుమిషను. మీట లాగితే మూత తెరుచుకుంటుంది, నీ గంట. వదిలేస్తే స్ప్రింగు మూసేస్తుంది. పాస్టరు గారి ప్రసంగం సమయంలో పొరపాటున చెయ్యి తగలకుండా మీటకి కొక్కెం కూడా పెట్టాను.

బిగించడానికి శనివారం నేనే వస్తాను. కృప వస్తోంది. వెనక సీటులో నడిపిలంక చూడాలట.

కమిటీ గురించి నువ్వు రాయలేదు కానీ నాకు దిగులుగానే ఉంది. రమేష్ బాబు గారి చొక్కా మరక పోయిందా?

జ్ఞానప్రకాశం.


పెనుగొండ,
3 ఆగస్టు 1998.

ప్రియమైన తమ్ముడికి, కృపకి,

వందనాలు.

లంక పేటలు నాలుగూ నాకే ఉంచారు. నిన్న కమిటీలో రమేష్ బాబు గారు లేచి నివేదిక చదివారు. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి చిన్నగా ఉంది. "ఆమె నడవకుండా చేరింది. నేను చేరేసరికి జనం లేరు. గంట మోగలేదు. మోగించాక వచ్చారు. మోగించినది నేను." ఇంతే చదివి కూర్చున్నారు. ఒక పెద్దాయన, గంట ఏంటండి, లంకలో గంట ఎక్కడుంది అని అడిగారు. రమేష్ బాబు గారు నన్ను బయటికి వెళ్లి చూపించమన్నారు. గుడి ముందు మీట లాగాను. ఆ పెద్దాయన ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చెయ్యెత్తి ఒప్పుకున్నారు.

మీట బాగా పనిచేస్తోంది. కొక్కెం మంచి ఆలోచన. చొక్కా మరక పోలేదు. దాన్ని గురువారాలకి ఉంచుకున్నానని ఆయన అన్నారు. అంటే మళ్లీ వస్తారని అర్థం.

ఇంకో సంగతి వచ్చింది. సాయంత్రం అబ్బులు మా ఇంటికి వచ్చాడు. గోదావరి అవతలి గట్టున, కోనసీమ వైపు లంకలో ఒక పేట ఉంది. మన సంఘం వాళ్లు కాదు, ఏ సంఘం వాళ్లూ అక్కడికి వెళ్లరు. గురువారం గురువారం నీళ్ల మీదుగా ఏదో మోగుతోందని, అది ఆగాక పాటలు వినపడుతున్నాయని, ఆ పేట ఆడవాళ్లు అబ్బులుని ఆపి అడిగారట. అది బండి మోతమ్మా, దాని మీద ఒక అమ్మగారు వచ్చి చదువు చెబుతారు అని చెప్పాడట. చదువైతే మా రేవుకి కూడా తెమ్మను అన్నారట. ఇది కమిటీలో పెట్టలేదు. ముందు వెళ్లి చూసి వస్తాను. పాస్టరు గారికి మాత్రం చెప్పాను. వెళ్లు అన్నారు. పాపాయి కూడా వస్తానంది. తను నేర్చుకున్న అక్షరాల పలక తెస్తుందట.

అక్కడ రేవులో బల్లలు లేవు, బురద ఉంది, గట్టు నిటారుగా ఉంది అంటున్నాడు అబ్బులు. ఎలా ఎక్కించాలో నువ్వు చెప్పకు, నేను చూసుకుంటాను. నీ దగ్గర నుంచి కావలసింది ఒకటే. పైన వానలు పడుతున్నాయి. శుక్రవారం సాయంత్రం బ్యారేజి దగ్గర నీటిమట్టం చూసి సూర్యకళ వాళ్ల ఇంటికి ఫోను చెయ్యి.

ప్రమాద హెచ్చరిక లేకపోతే, ఎనిమిదో తారీకు శనివారం పొద్దున్న ఆరున్నరకి అబ్బులు పడవ అవతలి గట్టుకి బయల్దేరుతుంది. బండి ముందు ఎక్కుతుంది, తర్వాత పాపాయి, ఆఖర్న నేను.

ఏసమ్మ.